నైలాన్ తీగల ఘనదేహపు గిటార్: ఎంచుకొను విధము

సంగీతోపకరణముల దుకాణములయందును, గిటార్ నేర్చువారి గోష్ఠులయందును తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: “ఇంట నున్న ఎలక్ట్రిక్ గిటార్‌నుండి ఉక్కుతీగలు విప్పి నైలాన్ తీగలు బిగించుకొన్నచో చాలదా? వేఱొక వాద్యమునకై వేలకువేలు వెచ్చింపనేల?” విద్యార్థులే కాక ఏండ్లతరబడి వేదికలపై వాయించినవారును ఈ ప్రశ్న వేయుట, దుకాణదారులు కొందఱు దీనికి తలయూపి పంపుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. చాలదు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల క్రింద నుండు పికప్ అనునది అయస్కాంతమును, దాని చుట్టును చుట్టిన సన్నని రాగితీగయు మాత్రమే. ఆ అయస్కాంతక్షేత్రములో ఉక్కు కంపించినపుడే ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును. నైలాన్‌ను అయస్కాంత మెఱుగదు. మంద్రస్వరపు తీగలపై మెఱయు లోహమును చూచి భ్రమపడువారు కలరు. అది వెండిపూత గల రాగి, అదియు అయస్కాంతమునకు లోబడదు. కావున అట్లు మార్చిన గిటార్‌ను ఎంత పెద్ద యాంప్లిఫయర్‌కు తగిలించినను నిశ్శబ్దమే ఫలము.

నైలాన్ తీగల ఘనదేహపు గిటార్ ఎందులకు పుట్టినదో తెలిసినగాని దానిని ఎంచుకొనుట ఎట్లో తెలియదు. పూర్వము క్లాసికల్ గిటార్‌కు జంతువుల ప్రేవులతో చేసిన తీగలు వాడెడివారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ ప్రేవులు శస్త్రచికిత్సలో కుట్లకొఱకు మళ్లింపబడి కఱవు కాగా, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ అను వాద్యశిల్పి, స్పెయిన్ దేశపు మహావిద్వాంసుడు ఆంద్రే సెగోవియా ప్రోత్సాహముతో, డ్యూపాంట్ సంస్థవారి నైలాన్‌తో తీగలను సిద్ధపఱచెను. ఆఱు నైలాన్ తీగల మొత్తపు బిగువు సుమారు 40 కిలోలు. ఉక్కుతీగల అకౌస్టిక్ గిటార్‌లో అది సుమారు 70 కిలోలు. ఇంత స్వల్పమైన బిగువుతో సభ నిండునట్లు నాదము పుట్టవలెనన్న పైపలక మిక్కిలి పలుచనై, లోపలి గాలితో కూడి స్వేచ్ఛగా కంపింపవలెను. ఆ సౌకుమార్యమే స్పీకర్లున్న వేదికపై శత్రువగును: స్పీకరునుండి వెలువడిన శబ్దము పలకను, గర్భములోని గాలిని తాకి కదలింప, ఆ కదలిక పికప్ ద్వారా మరల స్పీకరును చేఱి, సెకనుకు 100 కంపనముల ప్రాంతమున హుంకారమై సభను ముంచివేయును. దీనినే వాద్యకారులు ఫీడ్‌బ్యాక్ అందురు. ఈ చిక్కు తీర్చుటకై నాష్‌విల్ నగరపు సుప్రసిద్ధ గిటారిస్టు చెట్ ఆట్కిన్స్ సాయముతో గిబ్సన్ సంస్థ 1982లో ఆయన పేర ఒక ఘనదేహపు నైలాన్ గిటార్‌ను వెలువరించెను. పెద్ద శబ్దగర్భము లేదు, దేహముపై తీగలు ఆనుకొను శాడిల్ అను పట్టీలో ప్రతి తీగకును వేఱువేఱుగా ఒక పియెజో పికప్ కలదు.

పియెజో యనగా నేమి? 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియెర్ క్యూరీ అను సోదరులు, కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వాని ముఖములపై విద్యుదావేశము పొడసూపుట కనుగొనిరి. తీగ ఏ పదార్థమైనను కానిండు, అది కంపించునపుడు శాడిల్‌ను నొక్కుచు వదలుచుండును గదా. ఆ నొక్కుడే చాలును. కాని ఆ ఆవేశము అత్యల్పము. ఇక్కడనే కొనుగోలుదారులలో పెక్కుమంది మోసపోవుచున్నారు గనుక, దీనిని కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

పియెజో పికప్‌ను అడుగున చిల్లు గల చిన్నకుండగా భావింపుడు. తీగ నొక్కినపుడెల్ల కుండలో నీరు పోయబడును, వదలినపుడు తోడివేయబడును. నీటిమట్టము ఎంత లేచినదో చూచుటయే యాంప్లిఫయర్ పని. తారస్వరపు తీగ సెకనుకు వందలసార్లు పోసి తోడును. చిల్లు తన పని చేయులోపలనే మట్టము కొలువబడును. మంద్రస్వరపు ఆఱవ తీగ సెకనుకు 82 సార్లే కంపించును. అది మెల్లగా పోయుచుండగనే నీరు కాఱిపోవును, మట్టము లేవనే లేవదు. చిల్లు ఎంత పెద్దదన్నది మీరు తగిలించు యంత్రపు ఇన్‌పుట్ నిరోధముపై ఆధారపడును: నిరోధము తక్కువైనకొలది చిల్లు పెద్దది. కుండ పరిమాణము, అనగా పికప్ ధారిత (కెపాసిటెన్స్), ఒక నానోఫారడ్, నిరోధము ఒక మెగాఓమ్ అనుకొన్నచో, సుమారు 160 కంపనములకు దిగువనున్న స్వరములన్నియు క్రమముగా క్షీణించును. అనగా గిటార్‌లోని మంద్రస్థాయి యంతయు బలహీనపడును. పది మెగాఓమ్‌లైనచో ఆ హద్దు 16కు దిగి, స్వరమేదియు నష్టపడదు. ఇక సామాన్యపు మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పది వేల ఓమ్‌లే; అది కుండకు అడుగే లేనట్టిది. పొడవైన కేబుల్ తగిలించుట ఆ కుండ ప్రక్కన మఱియొక కుండను గొట్టముతో కలుపుటవంటిది. ఉన్న నీరే రెండింటికి పంచుకొనవలసివచ్చి మట్టము మఱింత తగ్గును. కావున శాడిల్ సమీపముననే, గిటార్ గర్భముననే, అధిక నిరోధము గల ప్రీయాంప్, అనగా యాంప్లిఫయర్‌కు ముందుండు చిన్న యాంప్లిఫయర్, ఉండవలెను. బ్యాటరీ లేదు గనుక బాధ లేదని చెప్పి అమ్మెడి చవుక గిటార్‌ను విశ్వసింపవలదు. ప్రీయాంప్‌ను నడుపు ఆ బ్యాటరీయే కుండ చిల్లును పూడ్చుచున్నది.

ఈ సంగతి తెలిసినవానికి పరీక్ష సులభము. ఆఱు తీగలను ఒకే బలముతో ఒక్కొక్కటిగా మీటుడు; ఏ తీగయైన అణగినచో, లేదా ఒకటి పైకి దూకినచో, పికప్ అమరిక సరిగా లేదని యెఱుగుడు. శాడిల్ క్రింద ఒకే పట్టీగా నుండు పియెజోలో ఈ లోపము తఱచు. తీగకొక పియెజో ఉన్నచో సమతూకము సాధించుట సులభము. పిమ్మట అన్ని తీగలను గట్టిగా ఒక్కసారి మీటుడు; పింగాణీపై గోరు గీచినట్టి కర్కశధ్వని వినవచ్చినచో ఆ ప్రీయాంప్ మీ చేతికి తగినది కాదు.

ఘనదేహమన్న పేరు విని లోపల నొక్కటే కొయ్యదిమ్మ యుండునని తలపవలదు. గిబ్సన్ గిటార్ దేహమును, కెనడాలోని క్విబెక్ రాష్ట్రమునకు చెందిన గోడిన్ సంస్థవారి మల్టియాక్ దేహమును లోపల కొంత తొలిచినవే. బరువు తగ్గును, స్పర్శకు కొంత సజీవత కలుగును. యమహావారి సైలెంట్ గిటార్‌లో దేహమే లేదు. మధ్యనొక కొయ్యకడ్డీ, ఊడదీసి సంచిలో పెట్టుకొనదగిన చట్రము, హెడ్‌ఫోన్ సదుపాయము మాత్రమే యుండును. ఈ జాతి వాద్యములలో కలప ప్రభావము లేకపోదు గాని, పికప్, ప్రీయాంప్, తీగలు అను మూటి ముందు అది స్వల్పము. అరుదైన కలప యని రెట్టింపు ధర చెప్పువానికిని, బంగారుపూత గల పిన్ను స్వరమును మధురము చేయునని కేబుల్ అమ్మువానికిని మన విద్యావంతులు లొంగుట చూడ విచారము కలుగును. బంగారము తుప్పు పట్టదు. దాని గుణము అంతవఱకే. విజయదశమినాడు వాద్యమును పూజించుట మన సుందరసంప్రదాయము, కాని విద్యుచ్ఛాస్త్రమున పూజకు పని లేదు.

ఘనదేహము మన సంగీతమునకు పరాయిది కాదు. 1969లో పాలకొల్లున జన్మించిన మాండలిన్ శ్రీనివాస్, జంటతీగల పాశ్చాత్యపద్ధతిని విడిచి, ఐదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై రాగాలాపన చేసి లోకమును విస్మయపఱచెను. బోలుదేహము తీగ శక్తిని త్వరగా శబ్దముగా వెదజల్లివేయును. ఘనదేహము దానిని తీగయందే నిలుపును. నిలిచిన నాదముపైననే గమకము పలుకును. అయితే ఆయన వాడినవి ఉక్కుతీగలని మఱవరాదు. నైలాన్ సాగుడు స్వభావము కలది గనుక తీగను ప్రక్కకు లాగినపుడు స్వరము కొంచెమే పెరుగును. మెట్టుపై లాగి గమకము పలికింపనెంచువారు దీనిని నమ్ముకొనవలదు. జాఱులకును, వ్రేళ్లతో మీటు స్వరసంవాదములకును ఇది శ్రేష్ఠము.

తక్కిన విషయములు కొలతకు సంబంధించినవి. క్లాసికల్ గిటార్ మెడ పైకొనన తీగలు ఆనుకొను నట్ అను పట్టీ వెడల్పు సాధారణముగా 52 మిల్లీమీటర్లు, యమహా ఎస్.ఎల్.జి. 200 ఎన్‌లో అది 50, ఆ పేరు చివర డబ్ల్యూ చేర్చిన నమూనాలో 52. ఎలక్ట్రిక్ గిటార్‌నుండి వచ్చువారి చేతికి సన్ననిది, క్లాసికల్ అభ్యాసము గలవారికి వెడల్పైనది హాయి. తేమ గల తీరప్రాంతములలో నైలాన్ శ్రుతి చలించును. వాయించుటకు ముందు అది కుదురుకొనుటకు కొంత వ్యవధి యిండు. ఎలక్ట్రిక్ గిటార్ యాంప్లిఫయర్ స్పీకరు సుమారు 5,000 కంపనములకు పైబడిన వానిని అణచివేయును గనుక, ఈ గిటార్‌ను అకౌస్టిక్ యాంప్లిఫయర్‌కో, వేదిక స్పీకర్లకో తగిలింపుడు. ఎన్నడును దీనికి ఉక్కుతీగలు బిగింపవలదు. ఆ బిగువును ఈ మెడ భరింపజాలదు.

తుదకు నా నిర్ణయ మిది. గిటార్ నూతనముగా నేర్చువారు సామాన్యమైన బోలుదేహపు క్లాసికల్ గిటార్‌ను కొనుడు. చేతిబలమును బట్టి నాదము ఎట్లు మాఱునో చెవికి నేర్పునది అదియే. డ్రమ్ముల నడుమ వేదికపై వాయించువారును, అపార్టుమెంటులలో రాత్రివేళ ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టక సాధన చేయగోరువారును నిస్సంకోచముగా ఘనదేహపు గిటార్ కొనవచ్చును. అయితే ముందుగా ప్రీయాంప్‌ను, పికప్‌ను పరీక్షించి, నట్ వెడల్పును కొలిచి, పిమ్మటనే రంగును, కలపను, ధరను చూడుడు.