గిట్ స్విచ్

సాఫ్ట్‌వేర్ కోడ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో గుర్తుంచుకునే పనిముట్టు గిట్. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశారు. అసలు కోడ్‌ను కదిలించకుండా కొత్త మార్పులు చేసి చూసుకోవడానికి ఇందులో బ్రాంచ్‌లు ఉంటాయి. ఒక బ్రాంచ్ నుంచి మరోదానికి వెళ్లాలంటే చాలాకాలం ‘చెక్అవుట్’ కమాండే దిక్కు. చిక్కేమిటంటే, అదే కమాండ్ పక్కన ఫైలు పేరు కొడితే అందులో ఇంకా గిట్‌కు అప్పగించని మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. హెచ్చరికా ఉండదు, గిట్‌లో వాటిని తిరిగి తెచ్చుకునే దారీ ఉండదు. ఒకే కమాండ్ మీద ఇంత పొంతనలేని రెండు పనులు మోపడం కొత్తగా నేర్చుకునేవారికి అన్యాయమే.

2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్ ఆ రెండు పనులను విడదీసింది. బ్రాంచ్ మారడానికి ‘స్విచ్’, ఫైలును పాత స్థితికి తేవడానికి ‘రిస్టోర్’. స్విచ్ పక్కన ఒట్టి హైఫన్ పెడితే చాలు, ఇంతకుముందున్న బ్రాంచ్‌కు వెళ్తాం. బ్రాంచ్ పేరుకు బదులు పాత కమిట్ (గిట్‌లో భద్రపరిచిన ఒక దశ) గుర్తు ఇస్తే చెక్అవుట్ ఏ బ్రాంచ్‌కూ చెందని చోట నిలబెడుతుంది. స్విచ్ మాత్రం ప్రత్యేకంగా అడిగితే తప్ప అటు వెళ్లదు.

ఈ రెండు కమాండ్లకూ ఉన్న ‘ప్రయోగాత్మకం’ అనే ముద్రను 2025 ఆగస్టులో 2.51 వెర్షన్ తొలగించింది. చెక్అవుట్ కూడా ఇంకా ఉంది. దానిమీద ఆధారపడిన పాత స్క్రిప్టులు లెక్కలేనన్ని.