సెకనులో అరవయ్యో వంతు

పాత వీడియో గేములకు మళ్ళీ గిరాకీ వచ్చిందంటే, ఆ మోజంతా గళ్ళుగళ్ళుగా కనిపించే బొమ్మల మీదేనని చాలామంది అనుకుంటారు. ఆ బొమ్మల్ని టీ షర్టుల మీదా కాఫీ కప్పుల మీదా అచ్చేసి అమ్ముతున్నది ఆ నమ్మకంతోనే. ఆ ఆటల ఆయువుపట్టు వేరే చోట ఉందని నా వాదన. వేలు బటన్ నొక్కిన క్షణానికీ తెర మీది మనిషి ఎగిరిన క్షణానికీ నడుమ ఎడమెంత అన్నదే అసలు సంగతి. ఆ ఎడాన్ని ఆట రాసినవాళ్ళతో పాటు యంత్రమూ తేల్చింది.

అలాంటి యంత్రాల్లో బాగా పేరుపడ్డది నింటెండో వారి ఫామికామ్. మసయుకి ఉయెమురా రూపకల్పనలో తయారై 1983 జులై 15న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. 1985లో రూపు మార్చుకుని ఎన్ఈఎస్ పేరుతో అమెరికా చేరింది. ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు. చుక్కకో బైటు చొప్పున ఒక్క దృశ్యాన్ని దాచుకోవాలన్నా 60 కిలోబైట్లు కావాలి. అంత చోటెక్కడిది? అందుకని బొమ్మను ముందే గీసి దాచుకునే పద్ధతినే వదిలేశారు. ఎనిమిది చుక్కల చదరపు బిళ్ళల్ని ఎక్కడెక్కడ పేర్చాలో చెప్పే పట్టిక మాత్రం ఉంటుంది. టీవీలో ఎలక్ట్రాన్ పుంజం ఒక్కో గీతా గీసుకుంటూ పోతుంటే, బొమ్మల చిప్ ఆ పట్టిక చూసి ఏ చుక్కకు ఏ రంగో అప్పటికప్పుడు అందిస్తుంది. దృశ్యం ఎక్కడినుంచి మొదలవ్వాలో చెప్పడానికి స్క్రోల్ రిజిస్టర్ ఉంది. అందులో అంకె ఒకటి పెంచితే చాలు, కొండలూ గొట్టాలూ అన్నీ కలిసి ఒక చుక్క పక్కకు జరుగుతాయి. ఆ కాలపు పీసీల్లో ఇది ఇంత సులువు కాదు. మారిన బిళ్ళల్ని మాత్రమే తిరిగి గీసే కిటుకుతో జాన్ కార్మాక్ బృందం 1990లో కమాండర్ కీన్ తెచ్చేదాకా, పీసీ మీద అంత నున్నగా సాగే పరుగు అరుదు.

1985 సెప్టెంబరు 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అందులో బొమ్మల వాటా 8. మబ్బుకూ పొదకూ ఒకటే బొమ్మ, రంగు మార్చి వాడుకున్నారు. ఇది అందరూ చెప్పుకునే కథే. అంతగా చెప్పుకోనిది గెంతు. షిగెరు మియమోటో, తకాషి తెజుకా తదితరులు మలిచిన ఆ ఆటలో బటన్ నొక్కిపట్టినంతసేపూ పైకి లేస్తున్న మారియో మీద గురుత్వాకర్షణ తక్కువ, వేలు తీయగానే ఎక్కువ. గాల్లో ఉండగానే అటూ ఇటూ మళ్ళించనూ వచ్చు. న్యూటన్ ఒప్పుకోడు గానీ వేలు ఒప్పుకుంటుంది. ఈ లెక్కంతా సెకనుకు దాదాపు 60 సార్లు జరగాలి. ఒక్కో ఫ్రేముకూ, అంటే తెర మీది ఒక్కో దృశ్యానికీ, ప్రాసెసర్‌కు దక్కేది సుమారు 29,780 టిక్కులు. ఆటను 4 నిమిషాల 55 సెకన్ల లోపు ముగించే స్పీడ్‌రన్ వీరులు తాము ఆదా చేసిన కాలాన్ని ఫ్రేముల్లో లెక్కేసేది అందుకే.

ఇదంతా చిన్ననాటి మీద బెంగే కదా అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. బెంగ ఒక్కటే అయితే బొమ్మలు చాలు. కానీ అదే ఆటను గేమ్ మోడ్ పెట్టని కొత్త టీవీలో ఆడి చూడండి: బొమ్మకు మెరుగులు దిద్దేందుకు టీవీ తీసుకునే వ్యవధి ఒక్కోసారి ఐదారు ఫ్రేములు దాటుతుంది. బొమ్మ పాతదానికన్నా నిగనిగలాడుతుంది, మారియో మాత్రం గుంటలో పడతాడు. 2014లో వచ్చిన షవల్ నైట్ అనే ఆట పాత రూపాన్ని తీసుకుంది గానీ, పాత యంత్రంలో ఒకే గీత మీద ఎనిమిదికి మించి కదిలే బొమ్మలు చేరితే వచ్చే మినుకుమినుకును కావాలనే వదిలేసింది. గెంతు మీద చూపిన శ్రద్ధను మాత్రం వదల్లేదు. నాకది సరైన ఎంపిక. ఆ మినుకు యంత్రం చేతగానితనం, దాన్నీ వారసత్వమని మోయనక్కర్లేదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మన ఊళ్ళనుంచే వస్తుంది. 90లలో హైదరాబాద్, విజయవాడ ఇళ్ళల్లో పిల్లలు 'క్యాసెట్' గుచ్చి ఆడింది ఎక్కువగా ఫామికామ్ నకళ్ళ మీదే. మన టీవీల పాల్ పద్ధతిలో సెకనుకు 50 దృశ్యాలే. 60కి రాసిన ఆటను ఏ మార్పూ లేకుండా 50 మీద నడిపితే పరుగూ సంగీతమూ ఆరింట ఒక వంతు మందగిస్తాయి. మరి సమయమే ప్రాణమైతే, ఆ నిదానపు మారియోను పిల్లలు ఎందుకంతగా ఇష్టపడ్డారు? ఎందుకంటే ఆట కాలాన్ని సెకన్లలో కొలవదు, ఫ్రేముల్లో కొలుస్తుంది. ఎదురొచ్చే తాబేలూ మారియో గెంతూ ఒకే పాళ్ళలో మందగించాయి. నొక్కిన బటన్‌కు జవాబు అదే లెక్కన, ఒకటి రెండు ఫ్రేముల్లో వచ్చింది. మందగింపు వేరు, ఆలస్యం వేరు. మందగిస్తే వేలు సర్దుకుంటుంది. ఆలస్యమైతే కంటికి కనిపించేది అప్పటికే గడిచిపోయిన సంగతి.

పాత యంత్రాన్ని అనుకరించే ఇప్పటి ఎమ్యులేటర్లు కొన్ని ఇంకో అడుగు వేశాయి. రాబోయే ఫ్రేములను లోలోపల ముందుగానే లెక్కగట్టి, ఆటలోనే ఇమిడి ఉన్న ఆలస్యాన్ని కూడా మింగేస్తాయి. అసలు పెట్టెకన్నా చురుకైన నకలన్నమాట. అది అసలుకు ద్రోహమని పట్టుబట్టే శుద్ధవాదులతో నాకు పేచీ ఉంది. ఆ అదనపు చురుకు చాలాసార్లు టీవీ తినేసిన ఫ్రేములను పూడ్చడానికే సరిపోతుంది.