వరుస చివర నిలబడే మనిషి

జుమా నమాజుకు వరుస కట్టినప్పుడు భుజానికి భుజం ఆనించి నిలబడతాం. వేటనుంచి వచ్చినవాడైనా, ఆఫీసు నుంచి వచ్చినవాడైనా అందరిదీ ఒకటే వరుస. కాని ఎప్పుడు చూసినా వరుస చివరి మూలనే వెతుక్కునే వాళ్లు కొందరుంటారు. సలాం చెబుతూనే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటారు. పెళ్లి విందులో దస్తర్‌ఖాన్ దగ్గర నలుగురితో కలిసి కూర్చోరు. పొగరు అని మనం అనుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి నోటి దుర్వాసన.

దీనికి నొప్పి లేదు కనుక డాక్టరు దగ్గరకు ఎవరూ వెళ్లరు. ఆ మనిషికి తన వాసన తనకు తెలియదు. తెలిసిన ఇల్లాలు చెప్పలేదు. పక్కవాళ్లు ముఖం తిప్పుకుంటారే తప్ప నోరు విప్పరు. ఇలా ఏళ్లు గడుస్తాయి. చాలామందిలో ఇది ఇంట్లోనే కుదురుపడే సమస్య. కొద్దిమందిలో మాత్రం లోపలి జబ్బుకు ముందుగా వచ్చే కబురు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడం ప్రతి ఇంటికీ అవసరం.

మూలం కడుపు కాదు, నాలుక

నోరు వాసన వస్తే కడుపు బాగాలేదని, వేడి చేసిందని మన పెద్దలు అంటారు. వైద్యుల అనుభవం వేరు. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఆ వాసన నోట్లోనే పుడుతుంది. నాలుక వెనుక భాగంలో, పళ్ల సందుల్లో, చిగుళ్ల అంచున గాలి తగలని చోట సూక్ష్మక్రిములు కాపురం ఉంటాయి. ఇరుక్కుపోయిన ఆహారంలోని మాంసకృత్తులను అవి కుళ్లబెట్టినప్పుడు గంధకం కలిసిన వాయువులు పుడతాయి. కుళ్లిన గుడ్డు వాసన కూడా అలాంటి వాయువుదే.

మన తీరం తిండి, మన ఎండలు రెండూ ఈ క్రిములకు అనుకూలమే. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా చేప లేనిదే చాలా ఇళ్లలో ముద్ద దిగదు. చేపల పులుసు, ఎండుచేపల కూర, బిర్యానీ పక్కన పచ్చి ఉల్లిపాయల పెరుగు పచ్చడి మనకు ప్రాణం. తినడంలో తప్పు లేదు. తిన్నాక సందుల్లో మిగిలిన పీచుతోనే చిక్కు. ఇక పడవల మీద, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో, రొయ్యల గుంటల గట్ల మీద పనిచేసేవాళ్లు ఎండలో గంటల తరబడి నీళ్లు తాగరు. నోటిని కడిగి శుభ్రం చేసేది లాలాజలం. అది ఎండిపోతే క్రిములకు పండుగే. నిద్ర లేవగానే అందరి నోరూ కాస్త వాసన రావడానికి కారణం కూడా రాత్రి లాలాజలం తగ్గడమే.

వంటింటి వైద్యం

మొదటి మందు నీళ్లు. తిన్న ప్రతిసారీ గట్టిగా పుక్కిలించాలి. రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగుతుండాలి.

రెండోది నాలుక శుభ్రం. పళ్లు తోముకుని నాలుకను వదిలేసేవాళ్లే ఎక్కువ. నాలుకబద్దతో వెనుక నుంచి ముందుకు మెల్లగా నాలుగైదుసార్లు గీస్తే చాలు. రక్తం వచ్చేలా గీకకూడదు.

మూడోది ఉప్పునీళ్లు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే చిగుళ్ల వాపు తగ్గుతుంది. ఉప్పు బదులు అర చెంచా వంటసోడా అయినా వేసుకోవచ్చు. రెంటినీ ఉమ్మేయాలి, మింగకూడదు. రక్తపోటు ఉన్నవాళ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

లవంగం, ఏలకి, సోంపు నమిలితే లాలాజలం ఊరుతుంది, కాసేపు పరిమళం ఉంటుంది. కాని అవి వాసనను కప్పేవే, కారణాన్ని తీసేవి కావు. వెల్లుల్లి సంగతి మరీ వేరు. అందులోని ఒక పదార్థం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. అందుకే ఎంత తోమినా కొన్ని గంటలు పోదు. భోజనంతో పాటు పాలు గాని, పుదీనా గాని, పచ్చి ఆపిల్ ముక్క గాని తీసుకుంటే తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని దైవప్రవక్త (స) వారించిన విషయం మనకు తెలిసిందే. పక్కవాడి సౌకర్యం కూడా ఆరాధనలో భాగమే కదా!

నిమ్మకాయ చెక్కతో పళ్లు రుద్దడం, ఇటుక పొడి, బొగ్గు పొడి వాడడం మాత్రం మానాలి. పులుపు, గరుకు పంటి పైపొరను తినేస్తాయి. నోరు కంపు కొట్టకూడదని వక్క, జర్దా కిళ్లీ వేసుకునేవాళ్లూ ఉన్నారు. వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చి చెప్పింది. కంపు పోవడానికి క్యాన్సర్‌ను కొనుక్కోవడం ఏం తెలివి?

మిస్వాక్ వాడే పద్ధతి

అనుచరులకు కష్టమవుతుందన్న తలంపే లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను విధిగా చేసేవాడినని ప్రవక్త (స) చెప్పినట్లు హదీసుల్లో ఉంది. పీలూ చెట్టు వేరు నుంచి, కొమ్మ నుంచి వచ్చే ఈ పుల్లను వాడుక ఉన్న ప్రాంతాల్లో కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1986లో చెప్పింది. మన పల్లెల్లో వేపపుల్ల, కానుగపుల్ల ఇదే పని చేస్తూ వచ్చాయి.

పుల్ల మంచిదే, వాడకమే తప్పుతుంది. కొసను నమిలి మెత్తని కుంచె చేసుకోవాలి. చిగురు నుంచి పంటి కొస వైపుకు రుద్దాలి, అడ్డంగా రాపాడకూడదు. పాడైన కొసను కోసేసి రోజూ కొత్త కొస చేసుకోవాలి. జేబులో వారాల తరబడి తిరిగిన పుల్ల మురికే తప్ప శుభ్రం ఇవ్వదు. దవడ పళ్ల వెనుకకు పుల్ల సరిగా చేరదు కనుక రాత్రి పడుకునే ముందు మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు కూడా వాడడం క్షేమం.

గార వేరు, వాసన వేరు

పళ్లు పచ్చగా ఉన్నాయి కనుక నోరు వాసన వస్తుందని పిల్లలను వెక్కిరించడం చూస్తుంటాం. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తున్న సంగతిని మన దేశంలో వైద్యులు మొదట లోకానికి చెప్పింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల నుంచే. పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఈ జిల్లావే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లాయి. అలాంటి నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ఆ మచ్చ తోమితే పోదు, దానికి వాసనా లేదు. తప్పు నీళ్లది, పిల్లది కాదు. పెళ్లిచూపుల్లో పళ్ల మచ్చ చూసి అమ్మాయిని కాదనేవాళ్లు ఈ మాట ఆలోచించాలి.

రోజా రోజుల్లో

ఉపవాసి నోటి వాసన అల్లాహ్ దగ్గర కస్తూరి కన్నా మేలైనదని హదీసు. అది ఉపవాసికి ఇచ్చిన గౌరవం. అలాగని శుభ్రతకు సెలవు ఇవ్వలేదు. సహరీ ముగించాక పళ్లు తోమి, నాలుక గీసుకుని, దాహం పెంచే ఉప్పటి ఊరగాయలు, ఎక్కువ టీ తగ్గించుకుంటే పగలంతా నోరు ఎండకుండా ఉంటుంది. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్లు కొంచెం కొంచెంగా తాగాలి.

ఇంటి వైద్యం ఆగే చోటు

పైవన్నీ రెండు వారాలు క్రమంగా చేసినా తగ్గకపోతే దంతవైద్యుడిని కలవాలి. తోముకునేటప్పుడు రక్తం, కదిలే పళ్లు, చీము ఉంటే రెండు వారాలు కూడా ఆగవద్దు. అది చిగుళ్ల వ్యాధి. మధుమేహం ఉన్నవారికి అది తొందరగా ముదురుతుంది. చిగుళ్లు చెడితే చక్కెర కూడా అదుపు తప్పుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి.

ఊపిరిలో మగ్గిన పండు వాసన, దానితో పాటు విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం ఉంటే చక్కెర ప్రమాదస్థాయికి చేరి ఉండవచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మూత్రం లాంటి వాసన వస్తే మూత్రపిండాల పరీక్ష అవసరం. చిన్నపిల్లల ముక్కు ఒక వైపు నుంచే దుర్వాసన, చీమిడి కారుతుంటే లోపల గింజో, పూసో ఇరుక్కుందేమో చూపించాలి. రక్తపోటు, అలర్జీ మాత్రల్లో కొన్ని నోటిని ఎండబెడతాయి. వాటిని సొంతంగా ఆపకుండా డాక్టరుతో చెప్పాలి. వయసు మళ్లినవారు కట్టుడు పళ్లను రాత్రి తీసి కడిగి నీళ్లలో ఉంచాలి.

చెప్పడమెలా?

తనకు తానే చూసుకునే మార్గం ఒకటుంది. మణికట్టు వెనుక నాకి, పది క్షణాలు ఆరనిచ్చి వాసన చూసుకోవాలి. అంతకన్నా మంచిది ఇంట్లో నమ్మకమైన మనిషిని అడగడం. భార్య భర్తను, కొడుకు తండ్రిని "అబ్బా, ఒకసారి పళ్ల డాక్టరుకు చూపిద్దాం" అని ఒంటరిగా, మెల్లగా అనవచ్చు. నలుగురిలో అంటే అది అవమానం, చాటున అంటే గీబత్. ఎదురుగా, ఏకాంతంలో, ప్రేమతో చెప్పిందే హితవు.

వచ్చే జుమాకు మీ పక్కన నిలబడిన మనిషి ఎప్పటిలాగే ఒక అడుగు వెనక్కి జరిగితే, ముఖం తిప్పుకోకండి. నమాజు అయ్యాక అతని చెయ్యి పట్టుకుని బయటి చెట్టు నీడ దాకా నడవండి. ఆ నాలుగు మాటలు అక్కడ చెప్పండి. మళ్లీ జుమాకు అతను మీ భుజం పక్కనే ఉంటాడు, ఇన్షా అల్లాహ్.