పాత చెక్క గోడకి కొత్త పెయింట్: బ్రష్ పట్టుకునే ముందు ఏం చేయాలి?

ఈరోజు మా ఇంటి బయటి గోడ గురించి మాట్లాడుకుందాం. మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్‌లో. ఇక్కడ చాలా పాత ఇళ్ళకి బయటంతా చెక్క పలకలే, ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కేలా వరసగా కొట్టి ఉంటాయి. దీన్నే సైడింగ్ అంటారు. మాది 1950ల్లో కట్టిన ఇల్లు. పెయింట్ పెచ్చులుగా లేచిపోతోంది.

పోయినేడాది ఒక శనివారం శాండర్ మెషిన్ తెచ్చి, మొదలుపెట్టేశాను. అరగంటలో గోడ కిందంతా పొడి. చూస్తే మా రెండేళ్ళ పాప అందులోనే కూర్చుని ఆడుతోంది! పక్కింటి పెద్దాయన పరుగున వచ్చి, "ముందు పాపని లోపలికి తీసుకెళ్ళు" అన్నారు.

ఎందుకంటే, అమెరికాలో ఇళ్ళకి వేసే పెయింట్‌లో సీసాన్ని, అంటే లెడ్‌ని, 1978లో నిషేధించారు. అంతకుముందు ఇళ్ళ మీద పాత పొరల్లో అది ఉండొచ్చు. ఆ పొడి చేతులకి అంటి నోట్లోకి వెళ్తే చిన్నపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మా పెచ్చుని ల్యాబ్‌కి పంపితే లెడ్ ఉందనే వచ్చింది. పాపకి రక్తపరీక్ష చేయించాం. భయపడక్కర్లేదన్నారు కానీ, రిపోర్ట్ వచ్చేదాకా మాకు నిద్రలేదు.

సో, రెండోసారి ఎలా చేశానో చెప్తాను.

ముందు పెయింట్ ఎందుకు లేస్తోందో చూడండి. చాలాసార్లు కారణం నీళ్ళే. మాకు చూరు కింద గట్టర్ కారుతోంది. అది బాగుచేయకుండా ఎన్ని కోట్లు వేసినా వేస్టే.

తర్వాత కిటికీలు మూసి, గోడ నుంచి 10 అడుగుల దాకా నేల మీద ప్లాస్టిక్ షీట్ పరవాలి. మామూలు గుడ్డ మాస్క్ చాలదు, హెపా ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. గోడని స్ప్రే బాటిల్‌తో తడుపుతూ, ఊడొచ్చే పెయింట్‌నే గీకాలి. గట్టిగా పట్టుకున్నదాన్ని వదిలేయొచ్చు. అంచుల్ని తడి శాండ్‌పేపర్‌తో నున్నగా చేస్తే కొత్త పెయింట్ కింద మెట్టులా కనపడదు. పెచ్చులన్నీ షీట్‌లోనే చుట్టి మూటకట్టేయాలి.

ఇప్పుడు సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్‌తో కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు, నీళ్ళు పలకల వెనక్కి దూరిపోతాయి. చెక్క పూర్తిగా ఆరాలి. ఆరాక పుచ్చిన పలకలు మార్చి, మేకుల గుంతలకి లప్పం పెట్టండి. పలకల కింది అంచుల సందులు మాత్రం మూయకండి, లోపలి తేమ బయటికి పోయేది అక్కడినుంచే. బయటపడ్డ చెక్కకి వెంటనే ప్రైమర్ వేయాలి. వారాల తరబడి ఎండకి వదిలేస్తే పైపొర పాడై పెయింట్ పట్టుకోదు.

మూడు వారాంతాలు పట్టింది. అందులో రంగు వేసింది ఒక్క ఆదివారమే!

ఇండియాలో చూస్తున్నవాళ్ళకి ఒక మాట. మన దగ్గర ఇంటి పెయింట్లలో లెడ్ 90 పీపీఎం దాటకూడదనే రూల్ అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లో. అంటే అమ్మమ్మగారింటి పాత తలుపులు, కిటికీల మీద లెడ్ ఉండొచ్చు. పండక్కి రంగులు వేయించేటప్పుడు పొడిగా గీకనివ్వకండి. పిల్లల్ని ఆ రోజు ఇంకో ఇంటికి పంపండి.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.