శూన్యాన్ని తూచటం ఎలా?

సాంద్రత కనుక్కోమంటే మనకు చేతనైన పద్ధతి ఒక్కటే. వస్తువును త్రాసులో పెట్టి ద్రవ్యరాశి చూస్తాం, నీళ్లలో ముంచి ఘనపరిమాణం చూస్తాం, ఆ మొదటిదాన్ని ఈ రెండోదానితో భాగిస్తాం. రికార్డు పుస్తకంలో "జాగ్రత్తలు" అన్న శీర్షిక కింద, వస్తువుకు గాలిబుడగలు అంటుకొని ఉండరాదని అందరం రాసినవాళ్లమే. మరి త్రాసులో పెట్టడానికి ఏమీ లేనిచోట, ముంచడానికి నీళ్లూ లేనిచోట, మనిషన్నవాడు వెళ్లలేని చోట సాంద్రత ఎలా కొలవాలి? ఈ ప్రశ్న మీద 2012-13లో శాస్త్రజ్ఞుల మధ్య ఏడాదిపాటు పెద్ద తగవే నడిచింది. చివరికి దాన్ని తీర్చిన లెక్క బి.ఎస్సీ. విద్యార్థి ఎవరైనా చేయగలిగినంత చిన్నది.

రోదసి పరిశోధకులు సాంద్రత అన్నప్పుడు చాలాసార్లు ఘన సెంటీమీటరుకు ఎన్ని గ్రాములు అని కాదు, ఎన్ని కణాలు అని అర్థం. మనం పీల్చే గాలిలో ఘన సెంటీమీటరుకు సుమారు 25 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని అణువులున్నాయి. కాలేజీ లేబొరేటరీలో రోటరీ పంపు దడదడలాడించి, "శూన్యం వచ్చేసింది" అని మనం మురిసిపోయే గొట్టంలో కూడా ఘన సెంటీమీటరుకు 30 లక్షల కోట్ల పైచిలుకే మిగిలి ఉంటాయి. అసలైన శూన్యం రోదసిలో ఉంది. భూమి దగ్గర, సూర్యుడి నుంచి నిరంతరం వీచే "సౌర పవనం"లో ఘన సెంటీమీటరుకు ఐదు నుంచి పది ప్రోటానులు, దాదాపు అన్నే ఎలక్ట్రానులు ఉంటాయి. అంతే!

ఈ సౌర పవనం గ్రహాలన్నిటినీ దాటి వీస్తూ, సూర్యుడి చుట్టూ ఒక పెద్ద బుడగను ఊదుతుంది. బుడగ అంచు దాటితే నక్షత్రాల మధ్య ఉండే చల్లని వాయువు. ఇందులో ఒక తమాషా ఉంది. లోపలి కన్నా బయటే సాంద్రత ఎక్కువ! లోపల అంచు దగ్గర వేడిగా, పలచగా, అర లీటరు సీసాకు ఒక ఎలక్ట్రాను చొప్పున ఉంటుంది. బయట చల్లగా, దానికి నలభై రెట్లు చిక్కగా ఉండాలని సిద్ధాంతం. కనుక ఒక నౌక బుడగ దాటిందా లేదా తేలాలంటే అడగవలసిన ప్రశ్న ఇదే: నీ చుట్టూ సాంద్రత ఎంత?

1977 సెప్టెంబరు 5న బయలుదేరిన వాయేజర్-1, 2012 ఆగస్టు 25న సూర్యుడికి సుమారు 1,825 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆనాడు సూర్యుడి వైపు నుంచి వచ్చే కణాలు ఒక్కసారిగా వెయ్యో వంతుకు పడిపోయాయి. బయటినుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పెరిగాయి. "దాటేసింది" అన్నారు కొందరు. "ఆగండి, అయస్కాంత క్షేత్రం దిశ మారలేదు కదా, ఇంకా లోపలే ఉంది" అన్నారు మరికొందరు. మనిషి చేసిన వస్తువు మొట్టమొదటిసారి నక్షత్రాల మధ్యకు చేరిందని లోకానికి చెప్పాలా వద్దా అన్నది ప్రశ్న. తొందరపడి చెప్పి తరవాత నాలిక కరుచుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

సాంద్రత కొలిస్తే సరిపోయేది. కానీ ప్లాస్మాను నేరుగా కొలిచే పరికరం వాయేజర్-1లో 1980లోనే చెడిపోయింది! మిగిలింది పది మీటర్ల పొడవుగల రెండు ఆంటెనాలు, వాటికి తగిలే విద్యుత్ కంపనాలను వినే రిసీవరు.

ఎలా కొలవాలన్న కిటుకు ఇక్కడే ఉంది. ప్లాస్మా అంటే ధనావేశం గల బరువైన అయానులు, ఋణావేశం గల తేలికైన ఎలక్ట్రానులు కలిసి తిరిగే వాయువు. ఎలక్ట్రానుల గుంపును ఒక పక్కకు నెట్టామనుకోండి. బరువైన అయానులు కదలక నిలబడి వాటిని వెనక్కి లాగుతాయి. ఎలక్ట్రానులు వెనక్కి వస్తాయి, కానీ ఉన్నచోట ఆగలేక అవతలికి దాటిపోతాయి, మళ్లీ లాగుడు. ఉయ్యాల ఊగినట్లే. గుంపు ఎంత చిక్కగా ఉంటే లాగుడు అంత బలం, ఊగటం అంత వేగం. లెక్క చేస్తే, కంపనాల సంఖ్య కిలోహెర్ట్జులలో = 9 × (ఘన సెంటీమీటరుకు ఎలక్ట్రానుల సంఖ్యకు వర్గమూలం). కుండను వేలితో కొట్టి విని చెప్పే మనిషి చేసే పని ఇదే. స్వరం వింటే చాలు, తూచక్కరలేదు.

ఈ సూత్రం మనవాళ్లకు కొత్తది కాదు. వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావు గారి ఆధ్వర్యంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అయనావరణ పరిశోధన సాగినప్పుడు వాడినదీ ఇదే సూత్రం. రేడియో తరంగాన్ని పైకి పంపి, కంపనాల సంఖ్య పెంచుకుంటూ పోతే, ఒక దశలో అది తిరిగి రాక పొరలోంచి బయటకు వెళ్లిపోతుంది. ఆ దశ 9 మెగాహెర్ట్జులైతే అక్కడ ఘన సెంటీమీటరుకు పది లక్షల ఎలక్ట్రానులున్నట్లు. షార్ట్‌వేవ్‌లో సిలోన్ రేడియో పాటలు మన ఊళ్లకు చేరడానికి కారణం ఈ పొరే.

అయితే వాయేజర్ చేత కుండను కొట్టించేదెవరు? ఆ పని సూర్యుడే చేశాడు. 2012 మార్చిలో సూర్యుడి మీద జరిగిన విస్ఫోటాల తాకిడి 13 నెలలు ప్రయాణం చేసి, 2013 ఏప్రిల్‌లో వాయేజర్ దగ్గరి ప్లాస్మాను ఊపింది. నౌకలోని టేపు రికార్డరు ఆ ధ్వనిని 48 సెకన్ల చొప్పున పట్టి ఉంచింది. టేపులోది భూమికి చేరాక అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ గర్నెట్ బృందం చూస్తే కంపనాలు 2.6 కిలోహెర్ట్జులు. 2.6ను 9తో భాగించి వర్గం చేయండి. 0.08 వస్తుంది. అంటే అగ్గిపెట్టెలో ఒకటో రెండో ఎలక్ట్రానులు. సీసాకు ఒకటి కాదు, అగ్గిపెట్టెకు ఒకటి! నౌక బయటే ఉంది.

పాత టేపులు వెతికితే 2012 అక్టోబరు-నవంబరులలో ఇంకా సన్నని ధ్వని, 2.2 కిలోహెర్ట్జులది, దొరికింది. సాంద్రత 0.06. ఈ రెండు బిందువులను కలిపే గీతను వెనక్కి పొడిగిస్తే తగవు మొదలైన ఆగస్టు నెలకే చేరింది. 2013 సెప్టెంబరు 12న ప్రకటించారు. ఒకరిద్దరు అప్పటికీ ఒప్పుకోలేదు. శాస్త్రంలో అది మామూలే.

2018 నవంబరు 5న వాయేజర్-2 కూడా అంచు దాటింది. దానిలో ప్లాస్మాను నేరుగా కొలిచే పరికరం బాగానే ఉంది గనుక ఈసారి తగవు రాలేదు. బయట దాని ఆంటెనాలు చెప్పిన సాంద్రత 0.04.

గర్నెట్ పద్ధతికి ఒక లోటు ఉండేది. సూర్యుడు కొడితేగాని కుండ మోగదు, మధ్యలో నెలల తరబడి నిశ్శబ్దం. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేస్తున్న స్టెల్లా ఓకర్ అనే విద్యార్థిని ఆ నిశ్శబ్దాన్నే మళ్లీ పరిశీలించింది. 2017 నుంచి వచ్చిన రికార్డులలో, పెద్ద ధ్వనుల నడుమ, 3 కిలోహెర్ట్జుల దగ్గర ఎడతెగని సన్నని రొద ఒకటి ఉందని 2021లో ఆమె బృందం చూపించింది. ఎవరూ కొట్టకుండానే కుండ మోగుతోందన్నమాట. అప్పటినుంచి సూర్యుడి కోసం కాచుకోకుండా, నౌక దాటుతున్న ప్రతి మజిలీలోనూ సాంద్రతను వరసగా చదవటం సాధ్యమైంది.