గుఱ్ఱపు పిండము – చల్లని పెట్టె

నా బాల్యమున మా ఐరాల ప్రాంతమున జట్కాలు తిరుగుచుండెడివి. మా వీథి జట్కావానికి మిక్కిలి మేలైన గోడిగ యొకటి యుండెను. గోడిగ చూలు మోయుకాలము సుమారు పదునొకండు నెలలు. కడపటి నెలలందును, పిల్ల పాలు త్రాగు దినములందును బండి నిలిచినచో వాని యిల్లు గడవదు. కావున నది యీనకయే ముసలిదయ్యెను. దాని మేలిగుణము దానితోనే పోయెను.

ఇప్పు డట్టి గోడిగ పిండమును వేఱొక గోడిగ గర్భమునఁ బెంచవచ్చును. రాజస్థానములోని బికనేరు అశ్వపరిశోధన కేంద్రమున 2023 మే నెలలో ‘రాజ్-ప్రథమ’ యను మార్వారీ పిల్ల యిట్లు జనించెను. మన దేశమున నిదియే మొదటిది.

ఈ మాట వినఁగానే గాంధారి నేతికుండలు మీకు జ్ఞప్తికి వచ్చియుండును. నాకును వచ్చినవి. పిండమును చల్లని నీటఁ దడుపుఁడని వ్యాసుఁడు చెప్పెను గదా! కాని యచ్చట పనిచేసినది తపోమహిమ. ఇచ్చటిది గడియారము, ఉష్ణమాపకము. రెంటిని ముడివెట్టుట రెంటికిని మర్యాద గాదు.

గోడిగ పిండము మొదట నాళములో నుండి, ఆఱవదిన ప్రాంతమున గర్భాశయమునకు దిగును. ఏడవ యెనిమిదవ దినములందు వైద్యులు మెత్తని గొట్టముద్వారా శుద్ధద్రావణమును లోనికిఁ బంపి, మరల వెలికిఁ దెచ్చి వడగట్టుదురు. చిక్కునది ఆవగింజకంటెఁ జిన్నది. ఆవునకు మందులిచ్చి యొక్కసారియే పెక్కు పిండములఁ బడయవచ్చును. గోడిగ సామాన్యముగా నొక్కదానినే యిచ్చును. అది చెడినచో మరల ఋతుకాలమునకు వేచియుండవలసినదే.

చిక్కు మఱియొకటి కలదు. మోయవలసిన గోడిగయు నించుమించుగా నదే సమయమున అండమును విడిచినదై యుండవలయును. ఒకదినము ముందైనను, రెండుమూఁడు దినములు వెనుకైనను సాగును. అట్టిది అదే యూర దొరకుట యరుదు. కావునఁ బిండమే ప్రయాణము చేయవలయును.

1976లో వెలువడిన యొక పరిశోధన వింతయైనది. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గుఱ్ఱపు పిండములను సజీవమైన కుందేటి అండనాళమున దాఁచి పోలండు దేశమునకుఁ బంపిరి. అచ్చట గోడిగల గర్భమున నుంచిరి. పెట్టెకు బదులు కుందేలు!

తరువాత పోషకద్రావణముగల చిన్నసీసా వచ్చెను. దానిని మంచుదిమ్మల పెట్టెలో నుంచి మెల్లమెల్లగా 5 డిగ్రీల సెంటీగ్రేడునకుఁ జల్లార్చుదురు. హఠాత్తుగాఁ జల్లార్చినచోఁ గణముల పొరలు దెబ్బతినును. ఈ చలి జీవక్రియను మందగింపఁజేయునేకాని యాపదు. అనఁగాఁ బిండము మెల్లగాఁ దన యాయువును వ్యయము చేయుచునే యుండును. 24 గంటలలోపలఁ జేర్చినచో, అప్పుడే తీసిన పిండమునకు దాదాపు సమానముగా నిలుచును.

గడ్డకట్టించుట వేఱు విద్య. అది ద్రవనత్రజనిలో −196 డిగ్రీలకడ జరుగును. పెరిగిన గుఱ్ఱపు పిండమున నీరు హెచ్చు, చుట్టును దట్టమైన పొర; రక్షకద్రవ్యము లోనికిఁ జొరక, మంచుపలుకులు కణములఁ జీల్చును. అయినను బికనేరులోనే 2024లో అట్టి పిండమునుండి ‘రాజ్-హిమానీ’ పుట్టినది.

పందెపు థరోబ్రెడ్ గుఱ్ఱముల కీ పద్ధతి పనికిరాదు. సహజసంయోగమునఁ బుట్టి, కన్నతల్లియే మోసిన పిల్లకుఁగాని వాని వంశగ్రంథమునఁ జోటు లేదు. ఇఁక మా జట్కావాఁడే నేఁడున్నచో? పిండము నిచ్చు గోడిగకంటె, కూలికి మోయు గోడిగయే వానికి దక్కెడిదేమో యని నా శంక.

బికనేరునుండి మా చిత్తూరునకు రైలు ఒక దినములో రాదు. పెట్టె విమానమునఁ జెన్నపట్టణమునకు వచ్చి, అటనుండి మోటారునఁ జేరవలయును. ఇచ్చట మోయు గోడిగ ముందే సిద్ధమై యుండవలయును.