మీకు తెలుసా? వైఫైకి పక్క పోర్టే అడ్డు

గోరంత వైఫై డాంగిల్ పెట్టాక నెట్ మాటిమాటికీ తెగిపోతుంటే వెంటనే రౌటర్‌ని అనుమానించకండి. పక్కనే యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్ డిస్క్ ఏదైనా ఉందేమో చూడండి. ఆ పోర్టులో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పరుగెడుతూ, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా రేడియో రొద పుట్టిస్తుంది. డాంగిల్ చెవి ఒగ్గేది సరిగ్గా అక్కడే! ఇంటెల్ సంస్థ 2012లోనే దీన్ని కొలిచి చూపింది.

పైగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, అంత చిన్న డాంగిల్‌లో యాంటెనాకు చోటెక్కడిది? సీపీయూ వెనక గుచ్చితే ఇనుప డబ్బా మరో అడ్డు. నాకు బాగా నచ్చిన మందు చవకైనదే: మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని బల్ల మీదికి తెచ్చుకోవడం. డాంగిల్‌కీ రౌటర్‌కీ 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే అటు మారినా చాలావరకు రొద తప్పుతుంది.